మానని కాలి పుండు: కట్టు కట్టించే ముందు అడగాల్సినవి, కట్టాక చేయాల్సినవి

అరికాల్లో సర్కారు తుమ్మ ముల్లు దిగిన సంగతి మా నాయనకి తెలియనే తెలియదు. హవాయి చెప్పుని చీల్చుకుని దిగింది. రెండు రోజుల తర్వాత అమ్మ ఇల్లు తుడుస్తూ నేల మీద రూపాయి బిళ్ళంత తడి మరకలు చూసింది. "ఏంది ఇది, కాలు ఇట్టా పెట్టండి" అంటే అప్పుడు బయటపడింది. ఆయనకి పద్నాలుగేళ్ళుగా షుగర్. కాళ్ళు ఎప్పుడు మొద్దుబారాయో ఆయనకే గుర్తులేదు. కావలి దగ్గర రొయ్యల గుంటల మీద రోజుకి నాలుగు పూటలు మేత వేయించే మనిషి, ఆ రెండు రోజులూ అదే కాలితో కట్టల మీద తిరిగాడు.

ఆ పుండు మానడానికి ఏడు నెలలు పట్టింది. మొదటి రెండున్నర నెలలు పూర్తిగా వృథా. రోజూ కట్టు మార్పించాం, బిళ్ళలు మింగించాం, ఎవరో చెప్పిన పౌడరు చల్లాం. పుండు ఎందుకు మానడంలేదని మాత్రం ఎవరినీ అడగలేదు. నేను డాక్టరుని కాను. ఆ ఏడు నెలలు నెల్లూరు, చెన్నై ఆసుపత్రుల వరండాల్లో కూర్చుని, అడిగి తెలుసుకున్నది, ఇంట్లో నా చేతులతో చేసింది ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇది ఎక్కువగా షుగర్ వాళ్ళ కాలి పుండు గురించే. మంచాన పడ్డవాళ్ళ పుళ్ళు, నరాలు ఉబ్బినవాళ్ళ పుళ్ళు మధ్యలో వస్తాయి.

ముందు, ఈ రోజే ఆసుపత్రికి పోవాలా అని చూసుకోండి

కట్టు విప్పి మంచి వెలుతురులో చూడండి. పుండు చుట్టూ ఎరుపు 2 సెంటీమీటర్లు దాటి పాకితే, అంటే సుమారు బొటనవేలి వెడల్పు దాటితే, ఇంట్లో చూసుకునే పుండు కాదు. చలితో జ్వరం, పాదం మొత్తం వాచడం, కుళ్ళిన వాసన, చర్మం నల్లబడటం, వేలితో నొక్కితే చర్మం కింద కరకరమన్నట్టు అనిపించడం, వీటిలో ఏ ఒక్కటున్నా ఆ రోజే పోవాలి. రేపు ఆదివారం, ఎల్లుండి పోదాం అనుకోవద్దు. మనిషి మగతగా ఉన్నా, ఆయాసపడుతున్నా 108కి ఫోన్ చేయండి.

ఇంకో గుర్తు చాలామంది పట్టించుకోరు. తిండి మారలేదు, మందు మారలేదు, అయినా షుగర్ ఉన్నట్టుండి 300 దాటిపోతోంది. లోపల చీము పట్టినప్పుడు అలా అవుతుంది. మా నాయనకి జ్వరం రాకముందే మీటరు చెప్పింది. మేమే వినలేదు.

నొప్పి లేదు కదా అని ధైర్యం తెచ్చుకోవద్దు. మొద్దుబారిన కాలికి నొప్పి ఉండదు. పైగా, ఇన్నాళ్ళూ నొప్పి లేని కాలు ఇప్పుడు సలుపుతోందంటే అది లోతుకి పోయిందనే అనుమానించాలి.

ఎరుపు అంచు ఎక్కడిదాకా ఉందో బాల్ పెన్నుతో చర్మం మీద గీత గీసి, పక్కనే టైము రాయండి. నాలుగు గంటల తర్వాత ఎరుపు ఆ గీత దాటితే డాక్టరుకి మీరు ఇంకేమీ వివరించక్కర్లేదు.

గుంటల్లో, కాలువల్లో, సముద్రపు రేవుల్లో పనిచేసేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఉప్పునీళ్ళలో, ముఖ్యంగా వేడి నెలల్లో, విబ్రియో అనే జాతి బ్యాక్టీరియా ఉంటుంది. రొయ్య ముల్లు గుచ్చుకున్న చిన్న గాయంలోంచి అది లోపలికి పోతే, షుగరో లివర్ జబ్బో ఉన్నవాళ్ళకి గంటల్లోనే కాలు వాచి నల్లటి బొబ్బలు లేస్తాయి. ప్రాణం మీదికి వస్తుంది. క్యాజువాలిటీలో చెప్పే మొదటి మాటే "ఉప్పునీళ్ళలో దిగిన కాలు సార్" అయి ఉండాలి. ఆ ఒక్క మాటతో వాళ్ళు మొదలుపెట్టే మందు మారిపోతుంది. వరిమళ్ళ బురదలో దిగేవాళ్ళూ ఆ సంగతి చెప్పాలి. మెలియాయిడోసిస్ అనే జబ్బు బురద మట్టి నుంచే వస్తుంది, షుగర్ వాళ్ళనే ఎక్కువగా పట్టుకుంటుంది. ల్యాబులో దాన్ని వేరే బ్యాక్టీరియా అని పొరబడే అవకాశం కూడా ఉంది.

టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో గుర్తులేకపోతే ఆ సంగతీ అక్కడే చెప్పండి.

రెండోది, కొలవడం

ఇది చేయడానికి డబ్బు ఖర్చు లేదు, అందుకేనేమో ఎవరూ చేయరు. వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే చోట కూర్చోబెట్టి ఫోటో తీయండి. పుండు పక్కన బడిపిల్లల స్కేలు పెట్టండి, పుండుకి తగలనివ్వద్దు. పొడవు, వెడల్పు రాసుకోండి. 3 సెంటీమీటర్లు పొడవు, 2 వెడల్పు ఉంటే లెక్క 6. నాలుగు వారాల్లో అది 3కి, అంటే సగానికి, తగ్గాలి. తగ్గకపోతే చేస్తున్న వైద్యంలో ఏదో ఒకటి సరిపోవడంలేదని అర్థం. ఇది నా సొంత లెక్క కాదు, పుళ్ళు చూసే డాక్టర్లు వాడే లెక్కే.

మా దగ్గర ఆ ఫోటోలు లేవు. ఊళ్ళో కట్టు కట్టే ఆయన రోజూ "బాగా తగ్గింది పెద్దాయనా" అనేవాడు. రోజూ చూసే కంటికి తేడా తెలియదు. ఆయన్ని అని లాభం లేదు, మేమూ అదే మాట నమ్మాలనుకున్నాం.

రంగు కూడా రాసుకోండి. ఎర్రగా, గరుకుగా, దానిమ్మ గింజల్లాంటి కండ వస్తే పుండు పూడుతున్నట్టు. పసుపు పచ్చగా జిగటగా అంటుకున్నది చచ్చిన కండ. నల్లగా ఎండి తోలులా ఉన్నదీ అంతే. అంచుల్లో లేత గులాబీ రంగు పొర పాకుతుంటే కొత్త చర్మం వస్తోంది.

ఆసుపత్రిలో అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

ఒంగోలు రిమ్స్ కావచ్చు, నెల్లూరు పెద్దాసుపత్రి కావచ్చు, ప్రైవేటు కావచ్చు. జనరల్ సర్జరీ ఓపీకి పోండి. షుగర్ పాదాలకి వేరే క్లినిక్ ఉంటే ఇంకా మంచిది. పాత చీటీలు, వాడిన మందుల పేర్లు, ఫోటోలు తీసుకుపోండి. ఏ పూత రాయాలని అడిగే ముందు ఇవి అడగండి.

"సార్, కాలికి రక్తం బాగా అందుతోందా?" అన్నింటికన్నా ముందు ఇదే. పాదం మీద ఒకచోట, లోపలి చీలమండ వెనక ఒకచోట నాడి చూస్తారు. దొరక్కపోతే రక్తం పారే శబ్దం వినిపించే డాప్లర్ మెషీన్ పెడతారు. చీలమండ దగ్గర బీపీ, చేతి దగ్గర బీపీ కొలిచి మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. చేతి దగ్గర 140, చీలమండ దగ్గర 90 వచ్చిందనుకోండి, 0.64. అది 0.9 కన్నా తక్కువైతే కాలి రక్తనాళాలు మూసుకుపోతున్నట్టు. షుగర్ వాళ్ళలో నాళాలు సున్నం పట్టి గట్టిపడితే, 1.3 దాటి తప్పుడు లెక్క కూడా రావచ్చు. అప్పుడు కాలి వేలి దగ్గర కొలవాలి. రక్తం అందని కాలికి ఎంత ఖరీదైన కట్టు కట్టినా ఎండిన చెట్టుకి మందు కొట్టినట్టే. ముందు యాంజియోప్లాస్టీయో బైపాసో చేసి దారి తెరవాలి. ఎవరైనా కాలు తీసేయాలంటే, "రక్తనాళాలు చూశారా సార్, వాస్క్యులర్ సర్జన్‌కి చూపించమంటారా" అని అడగడం మీ హక్కు. ఒళ్ళంతా విషం ఎక్కుతున్న చీము కాలైతే మాత్రం ఆ అడగడంలో రోజులు గడిపేయకూడదు.

"స్పర్శ ఎంత ఉంది?" నైలాన్ దారం లాంటి సన్నటి పుల్లతో అరికాల్లో అక్కడక్కడా నొక్కి, తెలుస్తోందా అని అడుగుతారు. ఆ దారం వంగేటప్పటికి సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి పడుతుంది. మా నాయన కళ్ళు మూసుకుని, "ఎప్పుడు మొదలుపెడతారు సార్" అన్నాడు. అప్పటికి డాక్టరు ఆరు చోట్ల నొక్కేశాడు.

"ఎముక దాకా పోయిందా?" శుభ్రం చేసిన కడ్డీతో పుండు లోతు చూస్తారు. గట్టిగా ఎముక తగిలితే అనుమానం బలపడుతుంది. ఎక్స్‌రే తీస్తారు. ఎముకలో చీము మొదలైన రెండు మూడు వారాల దాకా ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు. అందుకే మొదటి ఎక్స్‌రే బాగుందని ఊరుకోకుండా కొన్నాళ్ళకి మళ్ళీ తీయమంటారు, అవసరమైతే ఎమ్మారై రాస్తారు.

నాలుగోది షుగరు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీల కోసం), హిమోగ్లోబిన్, అల్బుమిన్ (రక్తంలోని మాంసకృత్తి) పరీక్షలు. పుండు ఉన్నన్నాళ్ళు ఇన్సులిన్‌కి మారుద్దాం అంటే భయపడకండి. "ఒకసారి మొదలుపెడితే ఇక ఆపరంట" అని మా బంధువుల్లో ఒకరు చెప్పిన మాటకి మేం మూడు వారాలు పోగొట్టుకున్నాం. పుండు మానాక మా నాయనకి ఆపేశారు కూడా. అందరికీ ఆపుతారని కాదు, ఆ భయంతో మొదలుపెట్టకుండా ఉండొద్దని చెప్తున్నా.

చచ్చిన కండ తీయించుకోవాలి

దీన్నే డిబ్రైడ్‌మెంట్ అంటారు. చాలామంది దీనికి భయపడి పూతలతో కాలం గడిపేస్తారు. చచ్చిన కండ ఉన్నంతకాలం అది బ్యాక్టీరియాకి మేత. మందు రక్తంలోంచి అక్కడికి చేరదు, ఎందుకంటే అక్కడ రక్తమే లేదు.

మా నాయన పుండు పైకి రూపాయి బిళ్ళంతే ఉండేది, చుట్టూ ఆనెకాయలాగా గట్టిపడిన తెల్లటి చర్మం. నెల్లూరులో సర్జన్ బ్లేడుతో ఆ అంచుని కొబ్బరి గీసినట్టు పొరలు పొరలుగా గీసుకుంటూ పోయాడు. గీసేకొద్దీ కింద పుండు బయటపడుతూ వచ్చింది. చివరికి చూస్తే పై కొలతకి రెట్టింపు ఉంది. ఇన్నాళ్ళూ మేం మూత మీద మందు రాస్తున్నామన్నమాట. అంచుల్లో సన్నగా రక్తం చిమ్మగానే సర్జన్ ఆపి, "ఇదిగో, ఇది బతికున్న కండ" అని చూపించాడు. మత్తు ఇవ్వలేదు, అవసరం పడలేదు. ఆ కాసేపూ మా నాయన రొయ్యల కౌంటు ధర ఎంత పడిపోయిందో కాంపౌండర్‌కి చెప్తూ కూర్చున్నాడు. ఆయన కాలిని చూసి నాకు కళ్ళు తిరిగాయి.

ఒకసారితో అయిపోదు. వారానికో, రెండు వారాలకో మళ్ళీ గీయాల్సి రావచ్చు. ఇంట్లో బ్లేడుతో గానీ, మెడికల్ షాపులో దొరికే ఆనెకాయ పట్టీలతో గానీ మీరు చేయొద్దు.

ఒక మినహాయింపు ఉంది. రక్తం అందక వేలు నల్లగా ఎండిపోయి, తడి, వాసన, చీము ఏవీ లేకుండా ఉంటే దాన్ని తడపకూడదు, కదపకూడదు. పొడిగా ఉంచి రక్తనాళాల డాక్టరుకి చూపించాలి. ఎండిన దాన్ని నానబెడితే కుళ్ళు మొదలవుతుంది.

పుండులో పురుగులు పడితే కిరసనాయిలో, టర్పెంటైనో మీరే పోయకండి. ఆసుపత్రిలో తీస్తారు. కొన్ని దేశాల్లో ల్యాబులో పెంచిన శుభ్రమైన పురుగులనే పుండులో వదిలి చచ్చిన కండ తినిపిస్తారు, అమెరికాలో 2004లోనే అనుమతి ఇచ్చారు. ఈ మాట చెప్తే మా అమ్మ నన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టినంత పని చేసింది.

యాంటీబయాటిక్ ఎప్పుడు, ఎన్నాళ్ళు

పుండు ఉన్నంతమాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఎరుపు, వాపు, వేడి, చీము ఇలాంటి గుర్తులుంటేనే. ఇది నమ్మడం మనకి కష్టం. మా విషయంలో ఒకచోట ఏ పరీక్షా లేకుండా పది రోజులు ఖరీదైన ఇంజెక్షన్లు పొడిచారు, తగ్గలేదని మార్చి ఇంకో పది రోజులు వేరేవి. ఆ తర్వాత కల్చర్, అంటే పుండులోని బ్యాక్టీరియాని ల్యాబులో పెంచి ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష, చేయిస్తే రిపోర్టులో సగానికి పైగా మందుల ఎదురుగా ఆర్ అని వచ్చింది. ఎస్ అంటే ఆ మందు పనిచేస్తుంది, ఆర్ అంటే బ్యాక్టీరియా దానికి లొంగదు. ఐ అంటే మధ్యస్థం, డోసు పెంచితే పనిచేయవచ్చు, అది డాక్టరు చూసుకుంటారు.

కల్చర్‌కి శాంపిల్ ఎక్కడ తీస్తున్నారో చూడండి. కట్టు విప్పగానే పైన తడిని దూదిపుల్లతో అద్ది పంపితే, చర్మం మీద ఎప్పుడూ ఉండే క్రిములన్నీ రిపోర్టులో వస్తాయి. పుండు కడిగి, చచ్చిన కండ తీశాక, లోపలి నుంచి చిన్న ముక్క తీసి పంపాలి. వీలైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే. పరిస్థితి విషమంగా ఉంటే మాత్రం శాంపిల్ తీసిన వెంటనే మందు మొదలుపెడతారు, రిపోర్టు వచ్చాక మారుస్తారు.

కండలో ఉన్న ఇన్ఫెక్షన్‌కి మామూలుగా ఒకటి రెండు వారాల మందు సరిపోతుంది. ఎముకకి పాకి, ఆ ఎముక తీయకుండా మందులతోనే చూస్తే ఆరు వారాల దాకా వాడాలి. పుండు పూర్తిగా పూడేదాకా వాడాలన్నది మాత్రం పొరపాటు. చీము పోయాక పుండు పూడటం మందు పని కాదు. క్యాప్సూల్ విప్పి పౌడరు పుండు మీద చల్లడం అంతకన్నా పొరపాటు.

నెలల తరబడి మానకుండా, నొప్పిలేని గడ్డల్లా చేతి మీదికో కాలి మీదికో పాకే పుండు చేపల, రొయ్యల పని చేసేవాళ్ళకి వస్తే, నీళ్ళలో ఉండే ఒక రకం మైకోబాక్టీరియా కావచ్చు. మామూలు కల్చర్‌లో అది దొరకదు, 30 డిగ్రీల దగ్గర విడిగా పెంచాలి. అందుకే పని ఏమిటో చెప్పాలి. ఏళ్ళనాటి కాలిన మచ్చలో పుండు లేచినా, పాత పుండు అంచులు ఉబ్బి పువ్వులా విచ్చుకున్నా ముక్క తీసి పరీక్షకి పంపమనండి. క్యాన్సర్ అయ్యే అవకాశం ఉంటుంది.

ఇంట్లో కట్టు మార్చే పద్ధతి

సర్జన్ ఒప్పుకున్నాకే ఇంట్లో మొదలుపెట్టండి. మేం వారానికి ఒకసారి ఆసుపత్రిలో, మిగతా రోజులు ఇంట్లో చేశాం. ఫ్యాన్ ఆపండి, దుమ్ము లేస్తుంది. పిల్లల్ని, కోళ్ళని బయటికి పంపండి. మా ఇంట్లో రెండోది కష్టమైంది.

చేతులు మోచేతి దాకా సబ్బుతో కడుక్కుని, కొత్త గ్లౌజులు వేసుకోండి. పాత గాజుగుడ్డ అంటుకుపోతే లాగకండి, లేతగా వచ్చిన చర్మం దానితో పాటు ఊడి వస్తుంది. సెలైన్ పోసి ఐదు నిమిషాలు నాననివ్వండి, అదే వదులుతుంది. దాన్ని కవర్లో వేసి, ఆ గ్లౌజులు కూడా అందులోనే వేసి, కొత్త జత వేసుకోండి. ఈ రెండో జతని ఎవరూ చెప్పరు, కానీ పాత కట్టు ముట్టుకున్న చేత్తోనే కొత్త గాజు పెడితే కడిగి ఏం లాభం?

సెలైన్ అంటే చేతికి ఎక్కించే 0.9 శాతం ఉప్పునీళ్ళ బాటిలే. ఒకసారి తెరిస్తే 24 గంటల్లో వాడేయండి, మిగిలింది పారబోయండి. దొరక్కపోతే లీటరు నీళ్ళు బాగా మరగబెట్టి, 9 గ్రాముల ఉప్పు వేసి చల్లార్చుకోవచ్చు. చెంచాతో అయితే సుమారు ఒకటిన్నర టీ చెంచాలు, గుట్టలా కాకుండా మట్టంగా. ధారగా పోస్తూ కడగండి, రుద్దకండి. పుండు మధ్య నుంచి బయటికి తుడవండి, ఒక గాజు ఒక్కసారే. వేళ్ళ సందులు పొడిగా అద్దండి.

స్పిరిట్, డెట్టాల్, నురుగు లేచే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఇవేవీ రోజూ పోయకూడదు. నురుగు చూస్తే మురికి పోతున్నట్టు తృప్తిగా ఉంటుంది, కానీ అది కొత్త కండని కూడా కాల్చేస్తుంది. పావిడోన్ అయోడిన్ చీము ఉన్న మొదటి రోజుల్లో డాక్టరు చెప్తే వాడండి. ఎర్ర కండ వచ్చాక కూడా నెలల తరబడి దాన్నే పోస్తుండటం మంచిది కాదు. థైరాయిడ్, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ముందే చెప్పాలి. పసుపు, సున్నం, కాఫీపొడి, ఆకు పసరు, చుట్ట బూడిద సంగతి నేను చెప్పక్కర్లేదనుకుంటా. వంటింటి తేనె కూడా వద్దు. పుళ్ళకి వాడే తేనె వేరు, దాన్ని గామా కిరణాలతో క్రిములు లేకుండా చేసి ట్యూబుల్లో అమ్ముతారు.

కట్టు రకం పుండు తడిని బట్టి. రసి బాగా కారుతుంటే దాన్ని పీల్చుకునే ఆల్జినేట్, ఫోమ్. పొడిగా ఉంటే తడి ఇచ్చే హైడ్రోజెల్. వాసన, ఇన్ఫెక్షన్ ఉంటే కొన్నాళ్ళు వెండి కలిసిన కట్టు. ఏదీ లేకపోతే సెలైన్‌లో తడిపి పిండిన గాజు, పైన పొడి గాజు. అది చవక, కాకపోతే తరచుగా మార్చాలి. "గాలి తగలనివ్వండి, ఎండి పక్కు కడుతుంది" అని మనవాళ్ళు చెప్పేది ఈ పుళ్ళకి పనికిరాదు. 1962లోనే జార్జ్ వింటర్ అనే ఆయన పందుల మీద చూసి, తేమగా మూసి ఉంచిన గాయం మీద కొత్త చర్మం గాలికి ఎండిన గాయం కన్నా తొందరగా పాకుతుందని రాశాడు. తేమ అంటే చెమ్మ మాత్రమే. చుట్టూ చర్మం తెల్లగా నానిపోతుంటే తడి ఎక్కువైనట్టు.

బ్యాండేజీ వేళ్ళ వైపు నుంచి పైకి చుట్టండి. వేళ్ళ కొనలు కనపడాలి. అవి నీలంగా, చల్లగా మారితే వెంటనే విప్పండి. రోహిణి కార్తె ఎండల్లో చెమటకి ప్లాస్టరు ఊడిపోతుంది, ప్లాస్టరు కిందే కొత్త పుండు లేస్తుంది కూడా. మేం ప్లాస్టరు చర్మానికి కాకుండా బ్యాండేజీకే అంటించేవాళ్ళం.

అసలు పని: కాలు కింద పెట్టకపోవడం

ఇన్ని రాసినా, మా నాయన పుండు మానింది ఈ ఒక్కదానితో అనే నేను నమ్ముతాను. రెండున్నర నెలలు కట్టు మార్చాం, ఆయన ఆ కట్టు మీదే నడిచాడు.

"ఏం పెద్దాయనా, ఇంట్లో ఎన్నిసార్లు లేస్తుండావు?" అని సర్జన్ అడిగితే, "రెండు మూడు సార్లే సార్, బాత్రూంకి" అన్నాడు. ఇంటికొచ్చాక నేను లెక్కపెట్టాను. మంచం నుంచి బాత్రూంకి 22 అడుగులు. రోజుకి ఎనిమిది సార్లు. మధ్యలో గేటు దాకా ఒకసారి, టీవీ రిమోట్ కోసం ఒకసారి, గుంట మీద కుర్రాడు ఫోన్ చేస్తే సిగ్నల్ కోసం వరండాలోకి ఐదుసార్లు. రోజుకి ఐదారు వందల అడుగులు దాటాయి. అందులో సగం ఆ పుండు మీదే పడ్డాయి.

పాదం మొత్తానికి అతికినట్టు వేసే సిమెంటు కట్టు ఉంది, టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అంటారు. బరువుని అరికాలంతా పంచి పుండు మీద పడకుండా చేస్తుంది. ఇది మన దక్షిణాదిలో కుష్ఠు రోగుల అరికాలి పుళ్ళకి వాడిన పద్ధతే. వేలూరు సీఎంసీలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1966లో అమెరికా వెళ్ళాక అక్కడ దీన్ని వ్యాప్తిలోకి తెచ్చాడు. అరికాలి పుండుకి ఇప్పటికీ మేలైనది ఇదే, ఎందుకంటే రోగి దాన్ని విప్పేసి తిరగలేడు. అయితే చీము ఉన్నప్పుడు, రక్తం సరిగా అందనప్పుడు వేయకూడదు. వేశాక వారం వారం మార్చాలి. అది కుదరకపోతే విప్పలేని వాకర్ బూటు, లేకపోతే పుండు చోట గుంట తీసిన ఫెల్టు మెత్త, వీల్ చైర్, చేతికర్రలు.

మేం చేసింది చెప్తా. మంచం బాత్రూం పక్క గదిలోకి మార్చాం. కమోడ్ కుర్చీ తెచ్చాం. ఫోన్ ఛార్జరు మంచానికి కట్టేశాం. గుంట మీద లెక్కలు చూసే బాధ్యత మా బావమరిదికి ఇచ్చాం. నాయన వారం రోజులు మాట్లాడలేదు. కాస్ట్ వేసిన తర్వాత మూడో వారం ఫోటోలో పుండు సగమైంది.

మంచాన పడ్డవాళ్ళకి వీపు కింద, మడమ కింద వచ్చే పుళ్ళకీ సూత్రం ఒకటే. రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి. పిక్క కింద దిండు పెట్టి మడమ గాల్లో తేలేలా చూడండి. మధ్యలో చిల్లున్న గుండ్రటి రబ్బరు ట్యూబు వాడొద్దు, దాని అంచే రక్తాన్ని ఆపేస్తుంది. ఉబ్బిన నరాల వల్ల లోపలి చీలమండ పైన వచ్చే పుండుకి మాత్రం వైద్యం వేరు. కాలు గుండె కన్నా ఎత్తులో పెట్టాలి, పాదం నుంచి మోకాలి దాకా బిగుతు బ్యాండేజీ చుట్టాలి. ఆ బిగుతు రక్తం అందని కాలికి వేస్తే కాలే పోతుంది. అందుకే ముందు ఆ బీపీ లెక్క చూడకుండా ఎవరినీ చుట్టనివ్వకండి.

పథ్యం గురించి

గుడ్డు, చేప, వంకాయ, గోంగూర తింటే చీము పడుతుందని మా నాయనకి రెండు నెలలు పెట్టలేదు. నెల్లూరు మనిషికి చేపల పులుసు లేకుండా రెండు నెలలు. అల్బుమిన్ పరీక్ష చూసి డైటీషియన్ తల పట్టుకుంది. కండ పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మా నాయనకి రోజుకి 75 గ్రాములు చెప్పింది. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. చేపలు, గుడ్లు, పెరుగు, పప్పు, వేరుశనగలు అన్నీ కలిపితేగానీ ఆ లెక్క తేలదు. అన్నం తగ్గించి చేప ముక్కలు పెంచింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం తమ డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

చుట్ట, బీడీ, సిగరెట్ మానాలి. పొగాకు పండించే మన జిల్లాల్లో ఈ మాట చెప్తే ఎవరూ వినరు గానీ, సన్న నాళాలు ముడుచుకునేది దానితోనే.

పెద్ద వైద్యాలు ఎప్పుడు

కుళ్ళు పోయి, రక్తం అందుతూ, పుండు లోతుగా ఉంటే వ్యాక్ పెడతారు. పుండులో స్పాంజి పెట్టి, పైన గాలి దూరని ప్లాస్టిక్ పొర అతికించి, గొట్టంతో మెషీన్ పీలుస్తుంది. మామూలుగా 125 మిల్లీమీటర్ల ఒత్తిడి, రెండు మూడు రోజులకోసారి మార్చాలి. చచ్చిన కండ మీద, వైద్యం చేయని ఎముక చీము మీద, రక్తనాళం బయటపడిన చోట పెట్టకూడదు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. మెషీన్ డబ్బాలో ఉన్నట్టుండి ఎర్ర రక్తం నిండితే మెషీన్ ఆపి పరిగెత్తాలి. లోతు పూడి ఎర్రగా మట్టం అయ్యాక తొడ నుంచి పల్చటి చర్మం తీసి వేస్తే నెలల పని వారాల్లో అవుతుంది. ఆక్సిజన్ ఛాంబర్, గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ లాంటివి అందరికీ కాదు. పైన చెప్పినవన్నీ చేశాకే వాటి గురించి అడగండి.

ఖర్చు విషయంలో అడ్మిట్ అయ్యే ముందే ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌కి రేషన్ కార్డు, ఆధార్ తీసుకుపోయి, మీ ఆపరేషన్ అందులో వస్తుందో లేదో అడగండి. బిల్లు కట్టేశాక అడిగితే ఉపయోగం ఉండదు.

మానాక

మానిన పుండు ఏడాది లోపు మళ్ళీ లేచేవాళ్ళు సుమారు 40 శాతం. చర్మం మూసుకుంది గానీ మొద్దుబారిన కాలు అలాగే ఉంది కదా. హవాయి చెప్పులు పారేసి ఎంసీఆర్ చెప్పులు (మొద్దుబారిన కాళ్ళకి మెత్తటి రబ్బరుతో చేసేవి), వెనక పట్టీ ఉన్నవి, వేసుకోవాలి. ఇంట్లో కూడా. మాలకొండ నరసింహస్వామి గుడికి శనివారం మొక్కు ఉంటే తెల్లవారుజామునే పోయి, ఎండెక్కి బండ కాలకముందే దిగి రండి, దట్టమైన సాక్సులు వేసుకోండి. మాల వేసుకుంటే గురుస్వామికి ముందే చెప్పుకోండి. మా ఊరి గురుస్వామి చెప్పులకి అభ్యంతరం చెప్పలేదు.

రోజూ రాత్రి అన్నాలయ్యాక మా నాయన కడిగి తుడిచిన స్టీలు కంచం నేల మీద పెట్టి, దాని మీద కాలు ఎత్తి పట్టి అరికాలు చూసుకుంటాడు. అద్దం కొనిస్తానంటే ఒప్పుకోలేదు, కంచమే బాగుందట. ఆయనకి సరిగా కనపడదు, కాబట్టి అమ్మ వంగి చూసి "ఏం లేదు, పడుకో" అని చెప్తుంది. పొద్దున చెప్పులు వేసుకునే ముందు తిరగేసి దులపాలి. మొన్న అలా దులిపితే ఎడమ చెప్పులోంచి అమ్మ పిన్నీసు పడింది. అది రెండు రోజులుగా కనపడ్డంలేదని ఆమె వెతుకుతోంది.